‘వెర్’ : ఒక మృతపదం కథ

మాటలకు కూడా ఆయుర్దాయం ఉన్నది. కొన్ని మాటలు పుట్టిన నాటి నుండి నేటి వరకు జనుల నోళ్ళలో నానుతూనే ఉంటవి. కొన్ని నడివయస్సులో అర్థం మార్చుకుంటవి. మరికొన్ని ఎవరూ గమనించకుండానే కన్ను మూస్తవి. అయితే మాటల చావులో ఒక విచిత్రం ఉన్నది. విడిగా చచ్చిపోయిన మాట తరచు మరొక మాట ఇంట్లో తలదాచుకొని బ్రతుకుతూ ఉంటుంది. మన భాషలోనే చూడండి. ‘నెల’ అంటే నేడు ముప్పది దినాల కాలం. ఒకప్పుడు ఆ మాటకు చంద్రుడని అర్థం. ఆకాశంలో నెల పొడిచినదని ఈనాడు ఎవరూ అనరు. కాని ‘వెన్నెల’ అన్నప్పుడు, ‘నెలవంక’ అన్నప్పుడు ఆ పాత చంద్రుడే మన మాటలో ఉదయిస్తున్నాడు. ఆ వెన్నెలలోనే మరొక పాత మాట కూడా దాగి ఉన్నది. ‘వెల్’ అంటే తెలుపు. తెల్లని ఉల్లి కనుకనే అది వెల్లుల్లి అయినది. వంటింట్లో రోజూ ఆ మాట పలికేవారికి అందులో తెలుపు ఉన్నదన్న ఊహ కూడా కలుగదు.

ఇటువంటి మాట ఒకటి ఇంగ్లీషులో ఉండేది. దాని పేరు ‘వెర్’. అర్థం మగవాడు, సందర్భాన్ని బట్టి భర్త. అది ఇంగ్లీషువారి వ్యవహారం నుండి జారిపోయి సుమారు ఏడువందల సంవత్సరాలు అయినది. కాని దాని బంధువులు ఐర్లండు నుండి మన దేశం వరకు వ్యాపించి ఉన్నారు. వారిలో ఒకరు మనకు చిరపరిచితులు. ఆ చుట్టరికం చెప్పుకోవడానికి ముందు ‘వెర్’ తన ఇంట్లో ఎలా బ్రతికినదో, ఎలా పోయినదో చూద్దాం.

క్రీ.శ. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించడానికి పూర్వం అక్కడివారు మాట్లాడిన భాషను ప్రాచీన ఆంగ్లం అంటారు. అందులో మనుష్యజాతికి మూడు ముఖ్యమైన మాటలు ఉండేవి. మగవాడు ‘వెర్’. ఆడుది ‘వీఫ్’. ఈ ఇద్దరిలో ఎవరినైనా, ఇద్దరినీ కలిపి అయినా, ‘మన్’ అనేవారు. అంటే ‘మన్’ శబ్దానికి మనిషి అని మాత్రమే అర్థం. స్త్రీని కూడా ‘మన్’ అనవచ్చును. చాలా చక్కని ఏర్పాటు. తరువాత ‘వెర్’ క్రమంగా వాడుక తప్పినది. దాని ఆసనం ఖాళీ కాగా ‘మన్’ వచ్చి అందులో కూర్చున్నది. కూర్చున్నది గాని, తన పాత ఆసనం వదలలేదు. నేటి ఇంగ్లీషు ‘మాన్’కు మగవాడనీ, మనుష్యజాతి అనీ రెండర్థాలు ఉండడానికి కారణం ఇదే. ‘మాన్’ అన్న మాటలో స్త్రీలు చేరుతారా, చేరరా అని చట్టాలలోను, గ్రంథాలలోను ఇటీవలి కాలం వరకు నడచిన వాదాలన్నిటికీ మూలంలో ఒక మాట మరణం ఉన్నది. ‘వీఫ్’ సంగతి మరొక దారి పట్టినది. ‘వీఫ్‌మన్’, అనగా ఆడమనిషి, అన్న సమాసం అరిగి అరిగి ‘వుమన్’ అయినది. ఒంటరి ‘వీఫ్’ భార్య అన్న అర్థానికి కుంచించుకొని ‘వైఫ్’ అయినది. మంత్రసానిని ‘మిడ్‌వైఫ్’ అనడంలో మాత్రం పాత అర్థం నిలిచినది. అందులో ‘మిడ్’ అంటే తోడు; స్త్రీకి ప్రసవ సమయంలో తోడుగా ఉండేది అని భావం.

పదమూడవ శతాబ్ది ఆరంభంలో కూడా ‘వెర్’ అర్థం తెలిసినవారు ఉన్నారనడానికి మంచి సాక్ష్యం ఉన్నది. టిల్బరీ గ్రామానికి చెందిన గెర్వేజ్ అనే ఆంగ్ల పండితుడు నాలుగవ ఒట్టో చక్రవర్తి వినోదం కోసం లాటిన్ భాషలో ఒక పెద్ద వింతల గ్రంథం వ్రాసినాడు. అందులో మనిషి తోడేలుగా మారే కథల ప్రసంగం వచ్చినప్పుడు, అట్టివానిని ఆంగ్లేయులు ‘వెర్‌వుల్ఫ్’ అంటారనీ, ఇంగ్లీషులో ‘వెర్’ అంటే పురుషుడనీ, ‘ఉల్ఫ్’ అంటే తోడేలనీ వివరించినాడు. ఆ తరువాత కొద్ది కాలానికే ఆ మాట జనుల నోట వినబడడం మానినది.

ఇక దాని బంధుకోటి. పదహారు శతాబ్దాల నాడు గోతులనే జర్మానిక్ జాతివారి కోసం వుల్ఫిలా అనే బిషప్పు బైబిలును అనువదించినాడు. ఆ అనువాదంలో పురుషునికి మాట ‘వెర్’. ప్రాచీన జర్మన్ భాషలోను అదే ‘వెర్’. ప్రాచీన ఐరిష్ భాషలో ‘ఫెర్’. నేటి ఐరిష్‌లో ‘ఫ్యార్’. వెల్ష్ భాషలో ‘గూర్’. లాటిన్‌లో ‘విర్’. లాట్వియా దేశపు భాషలో ‘వీర్స్’. పక్కనే ఉన్న లిథువేనియాలో ‘వీరస్’. ఈ చివరి మాట వినగానే శ్రోతలకు స్ఫురించి ఉంటుంది. సంస్కృతంలో ‘వీరః’ అని మనం పలికే విసర్గకు మూలరూపం సకారమే. కాబట్టి లిథువేనియా రైతు తన పొరుగువానిని గురించి ‘వీరస్’ అన్నప్పుడు, వేదకాలపు ఋషి తన కుమారుని గురించి ‘వీరః’ అన్నప్పుడు, వారు ఇద్దరూ పలికినది ఒకే మాట. మన వీరుడు ఆ వీరుడే.

పోలిక కనబడగానే చుట్టరికం కలపడం ప్రమాదం. జర్మన్ భాషలో నేడు కూడా ‘వేర్’ అనే మాట ఉన్నది. దానికి అర్థం ‘ఎవరు’ అని. దానికీ మన వెర్‌కూ సంబంధం లేదు. ‘హీరో’ అన్న మాట మన ‘వీరుడు’ వలెనే వినబడుతుంది. అర్థం కూడా దగ్గరే. కాని అది గ్రీకు నుండి వచ్చినది. వీరశబ్దంతో దానికి బాంధవ్యం రుజువు కాలేదు. మరి వెర్, విర్, ఫెర్, గూర్ బంధువులని ఎలా చెప్పగలరు? భాషాశాస్త్రజ్ఞులు ఒక్క మాటను చూచి తీర్పు చెప్పరు. ధ్వనుల వరుసను చూస్తారు. సంస్కృతంలో పదాది వకారం ఉన్నచోట లాటిన్‌లో వకారం, ఇంగ్లీషులో వకారం, ఐరిష్‌లో ఫకారం, వెల్ష్‌లో ‘గ్వ’ ఒక పద్ధతి ప్రకారం వస్తవి. భర్త పోయిన స్త్రీని సంస్కృతంలో ‘విధవ’ అంటారు. లాటిన్‌లో ‘విదువా’, ఇంగ్లీషులో ‘విడో’, వెల్ష్‌లో ‘గ్వెదూ’. గాలికి సంస్కృతంలో ‘వాత’, లాటిన్‌లో ‘వెంతుస్’, ఇంగ్లీషులో ‘విండ్’, వెల్ష్‌లో ‘గ్వింట్’. ఇటువంటి వరుసలు పదుల కొలది నిలిచినప్పుడు అది కాకతాళీయం కాజాలదు. సంస్కృతానికి, గ్రీకు లాటిన్ భాషలకు ఒకే మూలం ఉండి ఉంటుందని సర్ విలియం జోన్స్ 1786 ఫిబ్రవరిలో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ సభలో చెప్పిన మాట ఈ విచారణలన్నిటికీ నాంది అయినది.

ఇక్కడ మరొక సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. తెలుగు ఈ కుటుంబంలోనిది కాదు. తెలుగు, తమిళం, కన్నడం మొదలైనవి వేరొక కుటుంబమని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో, మద్రాసులో వెలువడిన కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణపు ఉపోద్ఘాతంలో నిరూపించినాడు. కనుక ‘వీరుడు’ మన ఇంటికి వచ్చి స్థిరపడిన అతిథి. అతడు వచ్చినప్పుడు తనతో తెచ్చిన పరివారం సంగతి తరువాత చెప్పుకుందాం.

వీరుడంటే శూరుడని మనం అనుకుంటాము. వేదభాషలో ఆ మాట అంత గంభీరమైనది కాదు. వీరుడంటే మగవాడు, ఇంటి మగదిక్కు, కొడుకు. పశువులను, వీరులను ఇమ్మని దేవతలను ప్రార్థించినవారు కోరినది యుద్ధ యోధులనే కాదు, ఇంట తిరిగే కొడుకులను. ఆ పాత అర్థం పూర్తిగా చెడలేదు. అమరకోశం వల్లె వేసినవారికి ‘అవీర’ అన్న మాట జ్ఞాపకం ఉంటుంది. పిరికి స్త్రీ అని దాని అర్థం కాదు. భర్త గాని కొడుకు గాని లేని స్త్రీ అని అర్థం. ఒకే ‘వీర’ శబ్దంలో భర్త, కొడుకు ఇద్దరూ ఇమిడి ఉన్నారు. లిథువేనియాలో ‘వీరస్’ అంటే నేటికీ మగవాడు, మగడు. లాట్వియాలో ‘వీర్స్’ అంటే ముఖ్యంగా భర్త. వెల్ష్ దంపతులు ‘గూర్’, ‘గ్వ్రైగ్’. ఐర్లండులో ఇంటి యజమానిని ‘ఇంటి ఫ్యార్’ అనే అంటారు. అంటే పడమట సముద్రపు అంచున, బాల్టిక్ సముద్రపు అంచున ఈ మాట ఇంకా కాపురం చేస్తూనే ఉన్నది. మన దేశంలో మాత్రం అది ఇల్లు వదలి యుద్ధభూమికి వెళ్ళి, అక్కడి నుండి శిలాఫలకాల మీదికి ఎక్కినది.

రోమునగరంలో ఈ మాట రాజకీయాలలో ప్రవేశించినది. ‘హోమో’ అంటే మనిషి. అది భూమి అన్న మాటకు చుట్టం. ‘విర్’ అంటే మగవాడు. పౌరుడు, సైనికుడు, బాధ్యత వహించేవాడు. ముగ్గురు కలిసి అధికారం నడిపితే ‘ట్రియుంవిర్’లు, పదిమంది అయితే ‘దెకెంవిర్’లు. రోమక పౌరసంఘాలకు, పిదప వారి సభాభవనానికి పేరైన ‘క్యూరియా’ కూడా పురుషులు కూడినది అన్న అర్థం గల పాత సమాసమే అని చాలామంది పండితుల అభిప్రాయం. ‘విర్’ నుండి పుట్టిన గుణవాచకం ‘విర్తూస్’. మొదట దాని అర్థం మగతనం. అటుపిమ్మట యుద్ధంలో ధైర్యం. ఆ పైన ఏ సద్గుణమైనా సరే. ఓషధికి గల శక్తిని కూడా అదే మాటతో చెప్పినారు. ఇంగ్లీషులో ‘వర్చ్యూ’ అయిన తరువాత ఒక కాలంలో స్త్రీల శీలానికే అది ప్రత్యేకమైన పేరుగా చెల్లినది. మగతనమని పుట్టిన మాట స్త్రీ శీలానికి పేరు కావడం కంటె దూరప్రయాణం ఏముంటుంది! పదహారవ శతాబ్ది ఆరంభంలో ఇటలీలో మాకియవెల్లి రాజనీతి వ్రాసినప్పుడు ‘విర్తూ’ అంటే సద్గుణం కాదు. విధిని ఎదిరించి కార్యం సాధించే సామర్థ్యం. రేడియోలో పాశ్చాత్య సంగీతం వినేవారికి ‘వర్చువోజో’ అన్న బిరుదు పరిచితమే. వాద్యం మీద అసాధారణమైన ప్రజ్ఞ గల విద్వాంసునికి ఆ పేరు. అందులోనూ ఈ రోమను మగవాడే దాగి ఉన్నాడు.

ఈ అర్థవిస్తారం తెలుగువారికి వింతగా తోచనక్కరలేదు. మన అచ్చ తెలుగు మాట ‘మగడు’ చూడండి. మగవాడు అని ఒక అర్థం, భర్త అని ఒక అర్థం. దాని నుండి పుట్టినది ‘మగటిమి’. ప్రాచీన కావ్యాలలో దానికి శౌర్యమని అర్థం. పురుషుని నుండి ‘పౌరుషం’ పుట్టినది. చుట్టరికం ఏమాత్రం లేని భాషలు కూడా మగవాడు, మగడు, మగటిమి అన్న ఒకే మెట్లవరుస ఎక్కినవంటే, ఆ మెట్లు భాషలో కంటె సమాజంలో ఉన్నవని గ్రహించాలి. ఇంటికి, పొలానికి, యుద్ధానికి ఎవడు పూచీయో అతని పేరే గుణానికి కూడా పేరైనది. స్త్రీకి ఆ గుణం ఉన్నప్పుడు ఏమి చేసినారు? లాటిన్‌లో ‘విరాగో’ అన్నారు. మగవాని వంటి ధీర అని భావం. బైబిలు లాటిన్ అనువాదంలో ఆదిస్త్రీకే ఆ పేరు పెట్టినారు. అదే మాట ఇంగ్లీషుకు వచ్చేసరికి గయ్యాళి అని దిగజారినది. ఒకే గుణం మగవానిలో ‘వర్చ్యూ’, ఆడుదానిలో ‘విరాగో’. పదాల తూకంలో లోకరీతి ఇలా బయటపడుతుంది.

ఇంత వైభవం అనుభవించిన ‘విర్’ కూడా చివరికి చచ్చిపోయినది. లాటిన్ సంతతి భాషలలో ఫ్రెంచివారు ‘ఓమ్’ అంటారు, ఇటాలియన్లు ‘ఊమో’ అంటారు, స్పెయిన్ వారు ‘ఓంబ్రే’ అంటారు. ఇవన్నీ ‘హోమో’ బిడ్డలు. అక్కడ కూడా ఇంగ్లీషులో జరిగినదే జరిగినది. మనిషి అన్న మాట వచ్చి మగవాని స్థానం ఆక్రమించినది. సద్గుణం నిలిచినది, సంగీత విద్వాంసుడు నిలిచినాడు. ఆ మాటలకు తండ్రియైన ‘విర్’ మాత్రం పోయినాడు.

ఇంగ్లీషు ‘వెర్’ రెండు మాటల ఇళ్ళలో తలదాచుకున్నది. ఒకటి పైన చెప్పిన ‘వెర్‌వుల్ఫ్’, నరవృకం. మనిషి తోడేలుగా మారుతాడన్న నమ్మకం చాలా పాతది. సంవత్సరంలో కొన్ని దినాలు తోడేళ్ళుగా మారే జాతి ఒకటి ఉన్నదని చెప్పుకుంటారని గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ క్రీస్తుకు పూర్వం అయిదవ శతాబ్దిలోనే వ్రాసినాడు. తాను మాత్రం నమ్మలేదు. ఇంగ్లీషులో ఈ మాట మొదట కనబడేది కథలో కాదు, చట్టంలో. క్రీ.శ. 1016 నుండి 1035 వరకు ఇంగ్లండును ఏలిన క్నూట్ రాజు శాసనాలలో, వెర్రెత్తిన నరవృకం మందను చీల్చకుండా బిషప్పులు కాపరులై మేలుకొని ఉండవలెనని ఉన్నది. అక్కడ తోడేలు అంటే సైతాను. ఫ్రాన్సులో ఈ మాట కథ మరీ తమాషా. జర్మానిక్ వకారం ఫ్రెంచి నోట గకారం అవుతుంది. విలియం అక్కడ గియోం అయినట్లే. అలా వెర్‌వుల్ఫ్ అరిగి ‘గరూ’ అయినది. అందులో తోడేలు ఉన్నదని మరచిపోయి, ముందు మరొక తోడేలును చేర్చి ‘లూ గరూ’ అన్నారు. అంటే తోడేలు–మనిషి–తోడేలు. మనం ‘గేటు’ తెలిసి కూడా ‘గేటు తలుపు’ అనడం వంటిది. పోర్చుగీసువారు, ఇటాలియన్లు ‘హోమో’ శబ్దంతోనే తమ నరవృకానికి పేరు కట్టుకున్నారు. ‘విర్’ అప్పటికే వారి నోట లేదు.

ఇది కేవలం వినోదకథ కాదు. 1589లో జర్మనీలో కొలోన్ నగరానికి సమీపాన బెడ్‌బర్గ్ అనే ఊరిలో పీటర్ ష్టుంప్ అనే రైతు, తోడేలై మనుష్యులను చంపినాడన్న నేరం మీద చిత్రహింసలకు గురియై వధింపబడినాడు. మరుసటి సంవత్సరమే ఆ విచారణ వృత్తాంతం లండనులో చిన్న పుస్తకంగా అచ్చయి అమ్ముడుపోయినది. ఆ పుస్తకం కొన్న ఆంగ్లేయునికి తోడేలు ముందున్న ‘వెర్’ అంటే ఏమిటో తెలిసి ఉండదు. అర్థం తెలియని మాట మరింత భయపెడుతుంది.

రెండవ ఇల్లు ఇంకా విశాలమైనది. అది ‘వరల్డ్’, ప్రపంచం. పాత రూపం ‘వెయొరొల్డ్’; జర్మన్‌లో ‘వెరాల్ట్’, అదే నేటి ‘వెల్ట్’; డచ్చి భాషలో ‘వేరెల్ట్’; స్వీడిష్‌లో ‘వేర్డ్’. వీటి మొదటి భాగం ‘వెర్’. రెండవ భాగం వయస్సు, యుగం అన్న అర్థం గల మాట. ఇంగ్లీషు ‘ఓల్డ్’కు చుట్టం. అంటే ప్రపంచమన్న ఆ మాటకు మొదటి అర్థం మట్టి, సముద్రాలు, పర్వతాలు కాదు. మనుష్యుని కాలం, మనుష్యుని జీవితం. క్రైస్తవ గురువులు ఐహికం అన్న అర్థంలో లాటిన్ మాటకు దీనిని వాడినారు. క్రమంగా కాలవాచకం దేశవాచకం అయినది. మన ‘లోకం’ కూడా కొంత ఇటువంటిదే. లోకం కోడై కూసినదన్నప్పుడు కూసినది భూగోళం కాదు, మనుష్యులు. ‘లోకులు పలుగాకులు’ అన్న సామెతలోను వారే.

ఇప్పుడు ‘వెర్’ కథలో అతి ముఖ్యమైన ఘట్టానికి వద్దాం. ప్రాచీన జర్మానిక్ జాతులలో ఒక మనిషిని మరొకడు చంపితే రాజు వచ్చి ఉరితీసేవాడు కాదు. చచ్చినవాని బంధువులు పగ పూనేవారు. పగ తరతరాలు సాగి ఊళ్ళు తగలబడకుండా ఒక మార్గం ఏర్పాటు చేసుకున్నారు. చంపినవాని వంశం చచ్చినవాని వంశానికి పరిహారం చెల్లించాలి. దానికి ‘వెర్‌గిల్డ్’ అని పేరు. మనిషి వెల అని మాటకు మాట అర్థం. నరహత్యను సైతం నిర్ణీత సంఖ్యలో పశువులు, గొర్రెలు ఇచ్చి తీర్చుకుంటారని రోమను చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 98 ప్రాంతంలో ఆ జాతులను గురించి వ్రాసినాడు.

వెల అందరికీ ఒకటి కాదు. ఇంగ్లండులో వెస్సెక్స్ రాజ్యంలో సామాన్య స్వతంత్ర కర్షకుని వెల 200 షిల్లింగులు. ఉన్నత కులీనుని వెల 1200. న్యాయసభలో ఒక కులీనుని ప్రమాణం ఆరుగురు కర్షకుల ప్రమాణాలకు సమానం. వెలలోని నిష్పత్తే నోటి మాటకు కూడా! క్రీ.శ. 688లో రాజ్యానికి వచ్చిన ఈనె రాజు శాసనం ప్రకారం, ఒక కుటుంబానికి చాలినంత భూమి గల వెల్ష్ జాతివాని వెల 120 మాత్రమే. ఫ్రాన్సులో ఫ్రాంకుల సాలిక్ చట్టం స్వతంత్రుడైన ఫ్రాంకుకు 200 బంగారు నాణేలు, భూమి గల రోమనుకు 100, బిడ్డలను కనే వయస్సులోని స్త్రీకి 600 నిర్ణయించినది. బానిస చస్తే చెల్లింపు బంధువులకు కాదు, యజమానికి. అది పశువు చచ్చిన నష్టం వంటిది. పదమూడవ శతాబ్ది జర్మనీలో ఐకె ఫాన్ రెప్‌గో సంకలనం చేసిన ధర్మశాస్త్రంలో కూలివానికి కలిగిన హానికి పరిహారం రెండు ఉన్ని చేతితొడుగులు, ఒక పేడ ఎత్తే పంగలగడ. ఊరూరా తిరిగే వాద్యగాళ్ళకు పరిహారంగా ఇవ్వవలసినది ఒక మనిషి నీడ! గాయపడిన పాటగాడు తనను కొట్టినవాని నీడను తీసుకొని తృప్తి పడవలెను. వినడానికి నవ్వు వస్తుంది. కాని నీ ప్రాణానికి విలువ లేదని చట్టం అంతకంటె స్పష్టంగా ఎలా చెప్పగలదు?

ఇంగ్లీషు చట్టాలలో ‘వెర్‌గిల్డ్’ అని పూర్తిగా అనకుండా ఒట్టి ‘వెర్’ అని వ్రాయడం పరిపాటి అయినది. ‘తన వెర్ చెల్లించుగాక’ అంటే తన వెల చెల్లించుగాక అని. మనిషి పేరు, వాని ప్రాణం ఖరీదు ఒకటే మాట అయినవి.

ఇక మన అతిథి తెచ్చిన పరివారం సంగతి. సంస్కృతంలో ‘వీర’ నుండి ‘వైర’ శబ్దం పుట్టినది. వైరమంటే మనకు పగ అని మాత్రమే తెలుసు. కాని వైదిక వాఙ్మయంలో ‘వైర’, ‘వైరదేయ’ శబ్దాలకు నరహత్యకు చెల్లించే పరిహారం అన్న పారిభాషికార్థం ఉన్నదని మాక్డనెల్, కీత్ పండితులు 1912లో ప్రచురించిన వైదిక పదసూచిలో సప్రమాణంగా చూపినారు. అనగా మాటకు మాట అదే వెర్‌గిల్డ్. ఆంధ్రదేశంలో ఎన్నో కుటుంబాలు పాటించే సూత్రం ఆపస్తంబునిది. ఆ ధర్మసూత్రంలో వైరం తీర్చడానికి ఇంత ఇవ్వవలెనని లెక్క ఉన్నది. క్షత్రియుని చంపితే వేయి ఆవులు, వైశ్యుని చంపితే నూరు, శూద్రుని చంపితే పది. అన్నింటా ప్రాయశ్చిత్తం కోసం ఒక ఆబోతు అదనం. ఆ వర్ణాల స్త్రీల విషయంలోను ఇదే లెక్క. బ్రాహ్మణ హత్యకు ఆవులతో పరిహారం లేదు; అది ఘోరమైన ప్రాయశ్చిత్తాల సంగతి. వెస్సెక్స్‌లో ఆరింట ఒకటి, ఇక్కడ పదింట ఒకటి, నూటికి ఒకటి. లెక్కలు వేరు గాని లెక్కకట్టిన బుద్ధి ఒకటే.

పగ అన్నది బాకీ అన్న భావన ఈ మాటలలోనే ఉన్నది. సంస్కృతంలో ‘నిర్యాతనం’ అంటే తిరిగి ఇచ్చివేయడం. ‘వైరనిర్యాతనం’ అంటే పగ తీర్చుకోవడం. తెలుగులో అప్పు తీర్చుతాము, పగ తీర్చుకుంటాము, క్రియ ఒకటే. చచ్చినవాని వారికి బాకీ ఉన్నది. అది ఆవులతో తీరవచ్చును, వెండితో తీరవచ్చును, నెత్తురుతో తీరవచ్చును. మొదటి రెండూ కుదరనిచోట మూడవది జరుగుతుంది. వీరుని వెల అయిన ‘వైరం’ మన భాషలో చెల్లింపు అన్న అర్థం మరచి పగ అన్న అర్థాన్ని మాత్రమే నిలుపుకొన్నది. చెల్లని బాకీయే మాటలో మిగిలినది.

పరిహారం ఎవరికి చెందాలన్న విషయంలో క్రమంగా మార్పు వచ్చినది. బౌధాయన ధర్మసూత్రం ఆ వేయి ఆవులను రాజుకు ఇవ్వమన్నది. ఇంగ్లండులోను పన్నెండవ శతాబ్దికి నరహత్య రాజు న్యాయస్థానానికి సంబంధించిన నేరమైనది. హంతకుడు బాకీపడినది వంశానికి కాదు, రాజ్యానికి అన్న సిద్ధాంతం స్థిరపడినది. వెర్‌గిల్డ్ పోయినది, చట్టంలో దానికి గల ఉద్యోగం ఊడిన కొద్ది కాలానికే ‘వెర్’ కూడా పోయినది. మాట మరణానికి ఇదొక్కటే కారణమని అనరాదు. ‘మన్’ శబ్దం అప్పటికే దాని చోటు ఆక్రమిస్తున్నది. అయినా ఒక మాటకు గట్టి ఆశ్రయం ఒకటి కూలిపోయిన మాట నిజం.

ఒక మనిషి ప్రాణం మరొక మనిషి ప్రాణానికి ఆరు రెట్లని గాని, నూరు రెట్లని గాని నేడు ఏ నాగరిక చట్టమూ వ్రాయదు. మన రాజ్యాంగం పధ్నాలుగవ అధికరణం చట్టం ముందు అందరూ సమానులే అన్నది. కాని ప్రమాదాలలో పోయినవారికి నష్టపరిహారం నిర్ణయించేటప్పుడు న్యాయస్థానాలు పోయినవాని రాబడిని లెక్కకు తీసుకొంటూనే ఉన్నవి. దానికి వేరే న్యాయం ఉన్నది. ఆధారపడిన కుటుంబానికి కలిగిన నష్టాన్ని పూడ్చడం దాని ఉద్దేశం. అయినా కూలివాని భార్యకు వచ్చిన మొత్తం, అధికారి భార్యకు వచ్చిన మొత్తం పక్కపక్కన చూచినవారికి పాత ప్రశ్న ఒకటి తప్పక ఎదురవుతుంది. ఆ ప్రశ్నకు ఒకప్పుడు పేరు ‘వెర్’, ఒకప్పుడు పేరు ‘వైరం’.

నిఘంటువులలో ఇటువంటి మాటల ప్రక్కన ‘ప్రాచీన ప్రయోగం’ అని ఒక గుర్తు వేసి ఉంటుంది. పాఠకుడు సాధారణంగా దానిని దాటిపోతాడు. దాటిపోకుండా ఒకసారి ఆగి చూడడం మంచిది. మన ఇళ్ళలో వృద్ధుల నోట ఇంకా కొన్ని మాటలు ఉన్నవి. పంట పేర్లు, కొలతల పేర్లు, నగల పేర్లు, వరుసల పేర్లు. పిల్లలు వాటిని విని నవ్వుతారు. వారు నవ్విన మాట ఏ పాత చట్టానికి, ఏ పాత నమ్మకానికి సాక్షియో అడిగి వ్రాసిపెట్టుకొంటే, సాక్షి పోయిన తరువాత కూడా సాక్ష్యం మిగులుతుంది.